జాగ సరిపోలే

పొద్దుగాలనే పట్నం నుంచి ఫోను.
"సార్, ఆ పాటకు ముప్పై ఐదేండ్లు నిండుతున్నయ్,
పెద్ద సభ పెడుతున్నం,
ఎన్నడు రికార్డు జేసిన్రో తారీఖు జెప్పున్రి."

తారీఖు!
మా జాంగీర్ సాబ్ ఉంటే జెప్పేటోడు.

కల్వకుర్తి బస్టాండు ఎదురంగ
చెప్పులు కుట్టే డబ్బాకు, సోడా బండికి నడుమ
ఆరడుగుల శబ్నం రికార్డింగ్ సెంటర్.
గోడకు ఎరువుల కంపెనీ క్యాలెండరు.
అండ్ల అమాసలు పున్నాలు ఆయనకు పట్టయి.
ఎర్ర రీఫిల్‌తోని తన పండుగలు తనే రాసుకున్నడు:
ఏ సినిమా క్యాసెట్టు ఏ నాడు
పదకొండు గంటల బస్సు టాపు మీదికెల్లి దిగిందో,
ఏ గజల్ ఇని తాలూకాఫీసు గుమాస్తా
కౌంటరు మీద తలవెట్టి ఏడ్చిండో,
ఏ పాట తొలిసారి మోగంగ కరెంటు వొయ్యి
బజారు బజారంత పల్లవి కాడనే ఆగిందో.

లోకానికి పాట ఎన్నడు పుడితేంది,
మాకు బస్సు దిగిన నాడే పుట్టినట్టు.
ఏడాది తిరిగిన రోజు నలుగురికి చాయ్,
ఆ ఒక్క పూట సగం ధరకే నింపుడు.

నేను పదోది తప్పి ఆడ చేరిన.
నా పని పేర్లు రాసుడు.
క్యాసెట్టు అట్ట మీద, స్కెచ్ పెన్నుతోని,
ఏ వైపు ఆరు, బీ వైపు ఆరు,
పాట, సినిమా, పాడినోళ్ళు, రాసినోళ్ళు,
చీమ తలకాయంత అక్షరాలు.
నా చేతిరాత సూసి క్యాసెట్లు కొన్నోళ్ళున్నరు.

ఒక అంగడి నాడు ఆమె వచ్చింది.
కుర్మమ్మ. తర్నికల్ దిక్కు.
నెత్తిన బియ్యం మూట, చేతుల పార.
మాపటికి మేస్త్రి లారీ,
నోరు తిరగని ఊర్లె కాలువ పని.
"అన్నా, పాలు మరిసిన పిల్లను అక్క కాడ ఇడిసిపోతున్న.
నా గొంతు లేకుంటే పండది.
గొంతు ఇంట్ల వెట్టిపోత."

జాంగీర్ సాబ్ ఫ్యాను బంద్ జేసిండు,
షట్టరు సగం దించిండు.
బయట గోలీ సోడా కీచుమన్నది, అది గూడ టేపుల పడ్డది.
ఇప్పటికి చెవి వెట్టి ఇంటే
రెండో చరణం ముంగట ఒక సోడా పగుల్తది.

పైసలు తీసుకోలే. ఒక కాపీ దాసుకున్నడు.
ఆ ఒక్కటి నాలుగై, నాలుగు నలభై అయి
అచ్చంపేట, దేవరకొండ, నాగర్‌కర్నూల్,
కల్లు దుకాండ్లు, లారీ క్యాబిన్లు, పెండ్లి బరాతులు...
నిద్రవుచ్చే పాటకు డప్పులు గట్టి ఎగిరిన్రు.
ఎవడో కీబోర్డు వెట్టిండు.
ఎవడో సినిమాల వెట్టుకున్నడు.
నేను మాత్రం ప్రతి అట్ట మీద ఒక్కటే రాసిన:
పాలమూరు పాట.

జాగ సరిపోలేదని చెప్పుకుంట వచ్చిన ఇన్నేండ్లు.
అబద్ధం.
సినిమా గాయకుల బిరుదులు గూడ ఇరికించిన చెయ్యి ఇది.
కుర్మమ్మ. మూడంటే మూడక్షరాలు.
పార వట్టుకొని వచ్చినామెకు
పేరు రాయాల్నని నా పెన్నుకు తట్టలే.

ఆమె మళ్ళొకసారి వచ్చింది, రెండేండ్లకు.
టేపు చిక్కువడ్డది, పెన్సిలు వెట్టి తిప్పిచ్చిన.
బజార్ల బ్యాండు మేళంతోని అదే పాట పోతుంటే
పైట నోటికి అడ్డం వెట్టుకొని నిలవడి ఇన్నది.
"ఎవలోగాని అన్నా, అచ్చం నా లెక్కనే పాడుతుంది."
నేను నవ్విన.
చెప్పలే. ఎందుకు చెప్పలేదో ఇప్పటికి నాకు తెల్వది.

క్యాలెండర్లను చెదలు తిన్నయి.
జాంగీర్ సాబ్ పోయి పదేండ్లు, ఆ తారీఖు గూడ నాకు సక్కగ యాదికి లేదు.

"సార్, ఉన్నరా? ఏదో ఒక తారీఖు జెప్పున్రి,
ఫ్లెక్సీ అచ్చుకు పోవాలె."

అంగడి నాడు, అన్న.
లారీ పోయిన నాడు, మాపటికి ముందు.
తారీఖు ఇడిసిపెట్టు బిడ్డా, పేరు రాసుకో.

"పేరా?
ముఖ్య అతిథుల ఫోటోలే పన్నెండున్నయ్ సార్.
జాగ ఉందో లేదో, డిజైనరును అడుగుత. ఒక్క నిమిషం."

లైను మీదనే ఉన్న.